పాత ఆక్సిజన్ కాన్సంట్రేటర్ చేపల చెరువుకి పనికొస్తుందా? లెక్కతో చెప్పండి

కొల్లేటిగాలి · కైకలూరు

అందరికీ నమస్కారం. కోవిడ్ టైమ్‌లో కొన్న 5 లీటర్ల ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు చాలా ఇళ్లల్లో మూలన పడి ఉన్నాయి, సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతున్నాయి. ఒకటి రెండు గట్టు మీద పెట్టి పైపు నీళ్లల్లోకి వదిలితే తెల్లవారుజామున చేప ఊపిరాడక పైకి తేలకుండా ఆపగలమా? ఎకరం చెరువు, ఐదడుగుల నీళ్లు, శీలావతి, బొచ్చె కలిపి 3 టన్నులు. 2 హెచ్‌పీ ఏరియేటర్ (నీళ్లు చిమ్మి గాలి కలిపే మెషిన్) ఒకటుంది. దాని కరెంటు ఖర్చు తగ్గించుకోవచ్చా అన్నదే అసలు ప్రశ్న. పనికిరాదని ఒక్క ముక్కలో తేల్చకుండా లెక్క చూపిస్తే బాగుంటుంది.

యంత్రవైద్యం · హైదరాబాద్

ఆసుపత్రి యంత్రాల వైపు నుంచి చెప్తానండి. కాన్సంట్రేటర్ ఆక్సిజన్‌ని తయారు చెయ్యదు, గాలిలో ఉన్న 21 శాతాన్ని వేరు చేస్తుంది. లోపల జియోలైట్ గింజలు నింపిన గొట్టాలు రెండు ఉంటాయి. కంప్రెసర్ సుమారు 20 పీఎస్‌ఐ ఒత్తిడితో గాలిని ఒక గొట్టంలోకి తోస్తుంది. గింజలు నైట్రోజన్‌ని పట్టుకుంటాయి, ఆక్సిజన్ ముందుకెళ్తుంది. కొన్ని సెకన్లకి వాల్వు మారి గాలి రెండో గొట్టంలోకి వెళ్తుంది, మొదటిది ఒత్తిడి వదిలి నైట్రోజన్‌ని బయటికి ఊదేస్తుంది. మెషిన్ దగ్గర కూర్చుంటే వినపడే ఆ బుస్సుమనే చప్పుడు అదే. ఈ పద్ధతికి చార్లెస్ స్కార్‌స్ట్రామ్ అనే ఆయనకి 1960లో అమెరికాలో పేటెంట్ వచ్చింది. మొదట్లో ఎక్కువగా గాలిలో తేమ తీసెయ్యడానికి వాడారు, ఇళ్లల్లో రోగుల కోసం మెషిన్లు వచ్చింది 1970లలో.

ఇప్పుడు లెక్క. నిమిషానికి 5 లీటర్లు, అందులో 93 శాతం ఆక్సిజన్, అంటే 4.65 లీటర్లు. మన వేడికి లీటరు ఆక్సిజన్ 1.3 గ్రాములు తూగుతుంది. నిమిషానికి 6 గ్రాములు, గంటకి దాదాపు 365 గ్రాములు. కరెంటు 350 వాట్ల దగ్గర. ఇది మెషిన్ నుంచి బయటికొచ్చేది. నీళ్లల్లో ఎంత కరుగుతుందో చేపల వాళ్లు చెప్పాలి.

ఇంకొకటి, చాలామంది చూడని సంగతి. బయటికొచ్చే చోట ఒత్తిడి 5 నుంచి 8 పీఎస్‌ఐ దాకానే ఉంటుంది. మీటరు లోతు నీళ్లకే 1.4 పీఎస్‌ఐ పోతుంది. మామూలు ఎయిర్ స్టోన్ (గాలిని బుడగలుగా విడగొట్టే రాయి) అయితే నడుస్తుంది. పొగలాంటి సన్న బుడగలు తీసే సిరామిక్ ప్లేట్లకి 25 పీఎస్‌ఐ పైన కావాలి. అవి దీనికి తగిలిస్తే ఒక్క బుడగ రాదు, మెషిన్ అలారం కొడుతుంది.

చెరువు_లెక్క · భీమవరం

యంత్రవైద్యం గారు సగం పని చేసి పెట్టారు, మిగతా సగం నేను చేస్తాను.

ఎకరం 4047 చదరపు మీటర్లు, ఐదడుగులంటే 1.5 మీటర్లు. నీళ్లు సుమారు 6070 ఘనపు మీటర్లు. అంటే చెరువంతా డీఓ (నీళ్లల్లో కరిగిన ఆక్సిజన్, లీటరుకి మిల్లీగ్రాముల్లో) 1 పెరగాలంటే 6 కిలోల పైన ఆక్సిజన్ కరగాలి. ఈ అంకె గుర్తుంచుకోండి, మిగతావన్నీ దీని మీదే ఆధారపడతాయి.

రాత్రి ఖర్చు చూద్దాం. చేప కిలోకి గంటకి 0.3 గ్రాములు వేసుకుంటే 3 టన్నులకి 0.9 కిలో. అంతకంటే ఎక్కువ తినేది చెరువే. నీళ్లల్లో పచ్చదనం, అడుగున బురద కలిసి గంటకి లీటరుకి 0.2 మిల్లీగ్రాములు లాగుతాయనుకుంటే 1.2 కిలో. మొత్తం గంటకి 2.1 కిలోలు, 12 గంటల రాత్రికి 25 కిలోలు, డీఓలో చూస్తే 4.2 పడిపోతుంది. సాయంత్రం 10 ఉంటే తెల్లారేసరికి 5.8, ఏ ఇబ్బందీ లేదు. మబ్బు పట్టిన రోజు సాయంత్రం 6 మాత్రమే ఉంటే తెల్లారేసరికి 1.8, చేప తేలుతుంది. అదే చెరువు, అదే చేప. మారింది పగటి ఎండ.

ఇక కాన్సంట్రేటర్. ఎయిర్ స్టోన్ నుంచి లేచిన బుడగ నాలుగడుగులు ఎక్కి పైన పగలడానికి నాలుగైదు సెకన్లు చాలు. ఆ కాసేపట్లో 10 శాతం కరిగితే గొప్పే. అంటే గంటకి 36 గ్రాములు. చెరువులో డీఓ 1 పెంచడానికి 166 గంటలు, వారం రోజులు. మధ్యలో చెరువు పీల్చుకునేది లెక్కలోకి తీసుకోకుండానే.

మీ 2 హెచ్‌పీ ప్యాడిల్ వీల్ ఏరియేటర్ సంగతి. మంచినీళ్లలో, డీఓ సున్నా ఉన్నప్పుడు చేసే ప్రామాణిక పరీక్షలో ఈ రకం మెషిన్లు యూనిట్ కరెంటుకి 1.2 కిలోల దగ్గర ఇస్తాయి. 1.5 కిలోవాట్లకి గంటకి 1.8 కిలోలు. 29 డిగ్రీల నీళ్లల్లో, డీఓ 3 ఉన్నప్పుడు నిజంగా కరిగేది గంటకి 1 కిలో చుట్టూ. యూనిట్‌కి చూస్తే ఏరియేటర్ 700 గ్రాములు, కాన్సంట్రేటర్ 100 గ్రాములు. కరెంటు ఆదా కాదు కదా, ఏడు రెట్లు ఖర్చు.

కొల్లేటిగాలి · కైకలూరు

సరిగ్గా ఇలాంటి లెక్కే అడిగానండి, ధన్యవాదాలు. రెండు అనుమానాలు. సిలిండర్లయితే ఎలా ఉంటుంది? షాపుల్లో ఇచ్చే ఆక్సిజన్ బిళ్లల మాటేంటి?

చెరువు_లెక్క · భీమవరం

పెద్ద సిలిండర్, అంటే డీ టైపు, 7 ఘనపు మీటర్లు. 9 కిలోల పైచిలుకు ఆక్సిజన్. రాళ్ల ద్వారా వదిలితే అదే 10 శాతం, సిలిండర్‌కి 900 గ్రాములు కరుగుతుంది. ఎకరంలో డీఓ 1 పెంచడానికి ఆరున్నర సిలిండర్లు.

బిళ్లలు సోడియం పర్‌కార్బోనేట్. మంచి సరుకులో పనికొచ్చే ఆక్సిజన్ 13 శాతం, కిలోకి 130 గ్రాములు. మీ ఎకరానికి డీఓ 1 పెరగాలంటే 46 కిలోలు చల్లాలి. ఎకరానికి కిలో, రెండు కిలోలు చల్లితే చెరువు మొత్తం మీద పెరిగేది 0.02, 0.04. మీటర్‌లో కనపడని అంకె. బిళ్లలు పూర్తిగా దండగ అనను. చేప గుంపుగా తేలిన మూలలో చల్లితే ఆ కాస్త చోట కాసేపు ఊపిరి అందుతుంది, అంతలో ఇంజన్ స్టార్ట్ చేసుకోవచ్చు. దాని పని అంతవరకే.

చేప తేలినప్పుడు నిజంగా పనిచేసేవి ఏరియేటర్, డీజిల్ ఇంజన్‌తో నీళ్లు పైకి చిమ్మించడం, కాలవలో మంచి నీళ్లుంటే తూము దగ్గర తెచ్చి పెట్టడం. ఆ రోజు మేత ఆపాలి. వలలు దించి చెరువు కలపకూడదు, అడుగు బురద లేస్తే ఉన్న ఆక్సిజన్ కూడా అది లాగేస్తుంది.

ఉప్పునీటి_రైతు · నెల్లూరు

వనామికి సామాన్యంగా 400-500 కిలోల రొయ్యకి 1 హెచ్‌పీ లెక్క వేస్తారు. చేపకి ఆ లెక్క పెట్టకండి, చెరువు లోతు వేరు, మేత వేరు. ఉప్పునీళ్లల్లో బుడగలు చిన్నగా విడిపోతాయి కాబట్టి కాస్త ఎక్కువ కరుగుతుంది, అయినా చెరువు స్థాయిలో కాన్సంట్రేటర్ లెక్క మారదు.

వైండింగ్_షాప్ · ఆకివీడు

కరెంటు ఖర్చు తగ్గాలంటే కొత్త మెషిన్ అక్కర్లేదు గాని, ముందు ఉన్న ఏరియేటర్ సరిగ్గా తిరుగుతుందో లేదో చూడండి. రిపేరుకి వచ్చేవాటిల్లో ఎక్కువ భాగం మోటారు తప్పు కాదు.

క్లాంప్ మీటర్ పెట్టి మూడు ఫేజులూ విడివిడిగా చూడండి. 2 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారు ఫుల్ లోడ్‌లో 3.4 ఆంపియర్ల దగ్గర తీసుకోవాలి. మీ మోటారుకి నేమ్ ప్లేట్ మీద ఉన్న అంకే లెక్క. అంతకంటే ఎక్కువ లాగుతుంటే రెక్క లోతుగా మునిగింది. ఫ్లోట్‌లోకి నీళ్లు దిగాయేమో చూడండి, ఒకవైపు వంగి ఉంటుంది. బాగా తక్కువ లాగుతుంటే రెక్క నీళ్లని గీకుతోందిగాని తోయట్లేదు. రెక్క చివర 9 నుంచి 11 సెంటీమీటర్లు మునగాలి. స్కేలు పెట్టి కొలవండి, కంటితో చూసి చెప్పకండి, మోటారు ఆగి ఉన్నప్పుడు కొలవాలి.

వేగం కూడా చూసుకోవాలి. 1440 తిరిగే మోటారుకి 1కి 14 గేర్ ఉంటే షాఫ్ట్ 103 తిరుగుతుంది, 1కి 16 అయితే 90. షాపులో గేర్‌బాక్స్ మార్చినప్పుడు ఈ నిష్పత్తి అడగండి. వేగం పెరిగితే నీళ్లు ఎక్కువ ఎగిరి చూడ్డానికి బాగుంటుంది, మోటారు మీద లోడు అంతకు మించి పెరుగుతుంది.

ఒక్క రెక్క విరిగినా వదిలెయ్యకండి. ఎదురుగా ఉన్న రెక్కతో తూకం పోయి షాఫ్ట్ ఊగుతుంది, నైలాన్ బుష్ కోడిగుడ్డు ఆకారంలో అరిగిపోతుంది, తర్వాత గేర్ ఆయిల్ సీల్ పోతుంది, నీళ్లు గేర్‌లోకి వెళ్తాయి. ఆయిల్ పాలలా తెల్లగా మారితే నీళ్లు కలిసినట్టే. చిన్న రెక్కకి పోయి గేర్‌బాక్సు దాకా వస్తుంది.

రాత్రి ఒక ఫేజు పోతే మోటారు రెండు ఫేజుల మీదే మూలుగుతూ కాలిపోతుంది. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ లేని స్టార్టర్ చెరువు మీద ఉండకూడదు. ఓవర్‌లోడ్ రిలే మాటిమాటికీ ట్రిప్ అవుతుందని దాన్ని పెంచి పెడతారు చాలామంది. అది మోటారుని చంపడమే.

కొల్లేటిగాలి · కైకలూరు

సరే, చెరువు సంగతి తేలిపోయింది. మరి ఆ మెషిన్లకి చేపల్లో వేరే పని ఏమైనా ఉందా?

హేచరీ_గది · ముదినేపల్లి

ఉంది, చిన్న తొట్టెల్లో. అక్కడ చెరువు లెక్క తిరగబడుతుంది.

వెయ్యి లీటర్ల ట్యాంకులో అమ్మకానికి పెట్టిన 50 కిలోల చేప గంటకి 15 గ్రాములు పీలుస్తుంది. ట్యాంకులో బురద లేదు, పచ్చదనం లేదు, పీల్చేది చేపే. కాన్సంట్రేటర్ రాళ్ల ద్వారా గంటకి 36 గ్రాములు కరిగిస్తే రెట్టింపు పైనే. 5 లీటర్లు పూర్తిగా వదలక్కర్లేదు, 3 పెట్టినా చాలు. చిన్న పిల్లలైతే కిలోకి పీల్చేది ఎక్కువ, 0.5 గ్రాముల పైన వేసుకోండి.

ఇక్కడ చేపల్ని చంపేది ఆక్సిజన్ లేకపోవడం కాదు, కార్బన్ డయాక్సైడ్ మిగిలిపోవడం. ఇది జాగ్రత్తగా చదవండి. చేప 1 గ్రాము ఆక్సిజన్ పీలిస్తే 1.3 గ్రాములకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. మన ట్యాంకులో గంటకి 15 గ్రాములు పీలిస్తే 20 గ్రాములు బయటికొస్తుంది, వెయ్యి లీటర్లలో లీటరుకి 20 మిల్లీగ్రాములు. మామూలు బ్లోవర్‌తో గాలి ఎక్కువ కొట్టినప్పుడు ఆ గాలి బుడగలే కార్బన్ డయాక్సైడ్‌ని ఊడ్చుకుపోతాయి. శుద్ధ ఆక్సిజన్ అయితే తక్కువ వాయువుతో పని అయిపోతుంది కాబట్టి ఊడ్చేవాడు ఉండడు. మీటర్‌లో డీఓ 9 చూపిస్తుంది, చేప మాత్రం మత్తుగా పక్కకి ఒరిగిపోతుంది. దాన్ని చూసి ఇంకా ఆక్సిజన్ పెంచితే ఏమీ మారదు. అందుకే ట్యాంకులో రెండూ ఉండాలి, బ్లోవర్ గాలి ఎప్పుడూ నడుస్తూ, దానికి తోడుగా ఆక్సిజన్. పీహెచ్ చూస్తూ ఉండండి. గంటల్లో 7.5 నుంచి 6.5కి దిగిందంటే గాలి చాలట్లేదని అర్థం.

డీఓ 6 నుంచి 9 మధ్య ఉంచండి. అదే పనిగా ఎక్కిస్తే చేపకి మేలు లేదు.

పాలేరు_గట్టు · ఖమ్మం

హేచరీ గారూ, కొరమీను ట్యాంకులో కూడా ఇదే లెక్కా? మా వైపు కొరమీను ప్రాణంతోనే అమ్ముతారు.

హేచరీ_గది · ముదినేపల్లి

కాదండి, కొరమీను వేరే జీవి. పైకొచ్చి గాలి మింగకపోతే బతకదు, నీళ్లల్లో ఎంత ఆక్సిజన్ ఉన్నా సరే. దానికి ఆక్సిజన్ మెషిన్ ఖర్చు దండగ. ట్యాంకు మూత దాకా నీళ్లు నింపకుండా జానెడు ఖాళీ ఉంచి, పైన వల కట్టండి, ఎగిరి దూకుతుంది. పైకి రానివ్వకుండా వలలో అడుగున నొక్కి పెట్టి ఉంచితే ఊపిరాడక చస్తుంది. ఫంగస్ (పంగాసియస్) చేప కూడా అవసరమైతే పైన గాలి మింగగలదు. రూప్‌చంద్ ఆక్సిజన్ తగ్గినప్పుడు కింది పెదవి ఉబ్బించుకుని నీటి పై పొరలో ఈదుతుంది, అక్కడి నీళ్లలో ఆక్సిజన్ కాస్త ఎక్కువ. ఆ ఉబ్బిన పెదవి కనపడితే రోగమని మందులు కొట్టకండి, డీఓ చూడండి. శీలావతికి, బొచ్చెకి ఈ ఏర్పాట్లేవీ లేవు, అందుకే ముందు పోయేది అవే.

యంత్రవైద్యం · హైదరాబాద్

హేచరీ వాళ్లు కాన్సంట్రేటర్ వాడేటప్పుడు పాడయ్యేది మొదట జియోలైటే. దానికి శత్రువు తేమ. తేమ పట్టిన గింజ నైట్రోజన్‌ని పట్టదు, మెషిన్ 5 లీటర్లు చూపిస్తూనే ఉంటుంది, బయటికొచ్చేది మాత్రం దాదాపు మామూలు గాలే. ఫ్లో మీటర్ బంతి చూసి నమ్మకండి. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఆక్సిజన్ అనలైజర్ పెట్టించి, 15-20 నిమిషాలు 5 లీటర్ల మీద నడిపాక చూడండి. 90 పైన ఉంటే మంచిది. 82 దిగువకి పడితే సామాన్యంగా మెషిన్ అలారం వెలుగుతుంది, అలాంటిది తీసుకోకండి. నెలలు, ఏళ్లు వాడకుండా పెట్టినవాటిల్లో ఇదే జబ్బు ఎక్కువ.

హేచరీ గదిలో నీటి ఆవిరి ఎక్కువ కదా, మెషిన్ అక్కడ పెట్టకండి. పక్క గదిలో, గోడకి అడుగు దూరంలో పెట్టి, గొట్టం మాత్రమే లోపలికి తేండి. వెనక స్పాంజ్ ఫిల్టర్ వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. తడి ఫిల్టర్ పెట్టి ఆన్ చేస్తే ఆ తడంతా గింజల్లోకే.

నీళ్లు వెనక్కి ఎక్కడం ఇంకా ప్రమాదం. కరెంటు పోగానే గొట్టంలోంచి నీళ్లు వెనక్కి పాకుతాయి. మెషిన్ నీటి మట్టం కంటే పైన ఉండాలి, గొట్టంలో ట్యాంకు దగ్గరే నాన్ రిటర్న్ వాల్వు ఉండాలి. నర్సుల హ్యూమిడిఫైయర్ సీసా చేపలకి తగిలించకండి, దాని అవసరం లేదు.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే స్విచ్) లేకుండా తడి నేల మీద ఇలాంటి యంత్రం నడపకండి. సిలిండర్ వాడేవాళ్లు రెగ్యులేటర్ మీద నూనె, గ్రీజు, వ్యాజలైన్ ఏదీ రాయకండి. ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్ తగిలితే నూనె దానంతటదే అంటుకుంటుంది.

ఇంకో మాట ఖచ్చితంగా చెప్తున్నా. చేపల దగ్గర వాడిన మెషిన్‌ని మళ్లీ రోగికి పెట్టకండి. హేచరీ గాలిలో, గొట్టాల్లో ఉండే తేమ, బూజు, క్రిములు ఊపిరితిత్తులు బలహీనమైన మనిషికి నేరుగా వెళ్తాయి. ఇంట్లో అవసరపడేవాళ్లుంటే ఆ మెషిన్ ముట్టుకోవద్దు.

ఇంటివైద్యం · విజయవాడ

మంచం పట్టినవాళ్లకి వాడే గాలి పరుపు ఉంటుంది కదా, పుండ్లు పడకుండా. ఆ పరుపు చిరిగిపోతే పంపు మిగిలిపోతుంది. అది అక్వేరియంకో, చిన్న తొట్టికో పనికొస్తుందా?

యంత్రవైద్యం · హైదరాబాద్

వస్తుందండి, ఒక మెలిక తెలుసుకుంటే. ఆ పంపులు సామాన్యంగా నిమిషానికి 5-8 లీటర్ల గాలిని, పాదరసం లెక్కలో 70 నుంచి 130 మిల్లీమీటర్ల ఒత్తిడితో ఇస్తాయి. 130 అంటే నీళ్లల్లో 1.75 మీటర్ల లోతు. రాయికి పోయేది తీసేసినా మీటరు లోతు తొట్టికి చాలు. ఒత్తిడి తిప్పే బటన్ గరిష్ఠం మీద పెట్టండి.

మెలిక ఏంటంటే, పంపుకి రెండు గొట్టాలుంటాయి. పరుపులో ఒక వరస గదులు నిండుతుంటే రెండో వరస ఖాళీ అవుతుంది, సుమారు 10 నిమిషాలకోసారి లోపలి తిరుగుడు వాల్వు మారుస్తుంది. ఒకే చోట ఒత్తిడి నిలిచిపోతే చర్మానికి రక్తం అందక పుండు పడుతుంది, అందుకని. మీరు ఒక్క గొట్టానికే రాయి పెడితే 10 నిమిషాలు బుడగలు వస్తాయి, 10 నిమిషాలు ఆగిపోతాయి. రెండూ టీ జాయింట్ పెట్టి నేరుగా కలిపితే అసలే రావు, ఎందుకంటే ఖాళీ అయ్యే వైపు గొట్టం బయటి గాలికి తెరుచుకుని ఉంటుంది, ఈ వైపు గాలంతా అటు పారిపోతుంది. ఒక్కో గొట్టానికి ఒక నాన్ రిటర్న్ వాల్వు పెట్టి, ఆ తర్వాత టీతో కలపాలి. అక్వేరియం షాపుల్లో దొరికే చిన్న వాల్వులే. మెత్తని గొట్టం లోపలి కొలత పంపు ముక్కుకి సరిపోకపోతే పైపు క్లిప్పు వేసుకోండి.

చెరువు_లెక్క · భీమవరం

దాని లెక్క కూడా వేస్తాను. నిమిషానికి 6 లీటర్ల గాలిలో ఆక్సిజన్ 1.6 గ్రాములు, గంటకి 98. మీటరు లోతులో 4 శాతం కరిగితే గంటకి 4 గ్రాములు. అంటే 12-13 కిలోల చేపకి సరిపోను. తొట్టెలో మేత మిగిలి కుళ్లుతుంటే అంత కూడా మొయ్యదు.

కొల్లేటిగాలి · కైకలూరు

చేప పిల్లల ప్యాకింగ్‌కి సిలిండర్ బదులు కాన్సంట్రేటర్ పెట్టొచ్చా?

హేచరీ_గది · ముదినేపల్లి

93 శాతం ఆక్సిజన్ ప్యాకింగ్‌కి చాలు, ఇబ్బంది వేగంతోనే. మూడో వంతు నీళ్లు, రెండు వంతులు వాయువు పట్టే సంచిలో 10 లీటర్లు నింపాలంటే 2 నిమిషాలు. వంద సంచులకి 200 నిమిషాలు, మూడు గంటల పైన. ముందు కట్టిన సంచిలో పిల్లలు ఆ మూడు గంటలూ ఎదురుచూస్తుంటాయి. సిలిండర్‌తో సంచికి కొన్ని సెకన్లు. పది, పదిహేను సంచులు పంపే చిన్న పనికైతే కాన్సంట్రేటర్ పర్వాలేదు. సంచిలో ముందున్న మామూలు గాలిని పూర్తిగా నొక్కి బయటికి తీశాకే ఆక్సిజన్ ఎక్కించండి. ముందు రోజు నుంచి పిల్లలకి మేత ఆపి హాపాలో (నీళ్లల్లో కట్టే వల తొట్టి) పస్తు పెట్టడం మర్చిపోకండి. కడుపులో మేతతో ప్యాక్ చేస్తే దారిలోనే విసర్జించి నీళ్లు పాడుచేస్తాయి, ఆక్సిజన్ ఎంతున్నా ఆగవు.

లారీ మీద బతికున్న చేప తీసుకెళ్లేవాళ్లకి కూడా సిలిండరే మేలు. 7000 లీటర్ల సిలిండర్ నిమిషానికి 2 లీటర్ల చొప్పున 58 గంటలు వస్తుంది. కాన్సంట్రేటర్‌కి 350 వాట్లు, 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఇన్వర్టర్ నష్టంతో కలిపి 33 ఆంపియర్ల దాకా లాగుతుంది. దానికి తోడు కుదుపులు.

అదే హేచరీలో నీళ్లు తిరిగే వ్యవస్థ ఉన్నవాళ్లకి కాన్సంట్రేటర్ని చాలా రెట్లు మెరుగ్గా వాడే దారి ఒకటుంది, కోను. అమెరికాలో రిచర్డ్ స్పీస్ అనే ఇంజనీరు రూపొందించింది. బుడగని పైకి పోనివ్వకుండా ఆపడమే అందులోని తెలివి. సన్నని పైభాగం నుంచి నీళ్లు కిందికి జోరుగా దిగుతాయి, బుడగ పైకి లేవబోతే నీళ్లు కిందికి తోస్తాయి. కిందికి వెళ్లేకొద్దీ కోను వెడల్పయి నీటి వేగం తగ్గుతుంది, అక్కడ బుడగ తిరిగి పైకి లేస్తుంది. అలా మధ్యలో ఇరుక్కుని కరిగిపోతుంది. రాళ్లతో 10 శాతం కరిగేది ఇందులో 80 శాతం పైన కరుగుతుంది.

కొలతలు. పంపు నిమిషానికి 200 లీటర్లు అనుకోండి. పై ముక్కు రెండంగుళాలు పెడితే వేగం సెకనుకి 1.7 మీటర్లు వస్తుంది, 1.8 దాకా ఉండొచ్చు. కింద వేగం 0.15కి తగ్గాలంటే వ్యాసం 17 సెంటీమీటర్లు, దాదాపు ఏడంగుళాలు ఉండాలి. ఎత్తు మూడు నాలుగు అడుగులు. ఫైబర్ పనివాళ్లు పోస్తారు. ఆక్సిజన్ పంపు తర్వాత, పై ముక్కుకి ముందు ఎక్కించాలి. పంపు పీల్చే వైపు ఎక్కిస్తే పంపు గాలి పట్టి ఆగిపోతుంది. నిమిషానికి 1 లీటరు ఆక్సిజన్ చాలు, అది పూర్తిగా కరిగితే 200 లీటర్లకి డీఓ 6.5 పెరుగుతుంది. అంటే మీ 5 లీటర్ల మెషిన్ ఇలాంటివి నాలుగైదు నడపగలదు. కోను లోపల ఒత్తిడి 4-5 పీఎస్‌ఐ దాటితే కాన్సంట్రేటర్ తొయ్యలేదు, కాబట్టి బయటికెళ్లే పైపు సన్నం చెయ్యకండి, ట్యాంకు మరీ ఎత్తులో పెట్టకండి.

పైభాగంలో వాయువు వదిలే చిన్న వాల్వు ఒకటి తప్పనిసరి. నీళ్లల్లోంచి బయటపడిన నైట్రోజన్ అక్కడ పోగవుతుంది. రోజుకి రెండు మూడు సార్లు క్షణం తెరిచి వదలకపోతే కోను నిండా పనికిరాని వాయువే ఉండి డీఓ మెల్లగా పడిపోతుంది. కోను పాడైందనుకుని విప్పుతారు చాలామంది, కారణం ఆ వాల్వు తిప్పకపోవడమే.

ఉప్పునీటి_రైతు · నెల్లూరు

ఇన్ని లెక్కలు మీటర్ సరిగ్గా ఉంటేనే పనికొస్తాయి. డీఓ మీటర్ గురించి రాయండి ఎవరైనా. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ నీళ్లల్లో ముంచితే చెప్తుందా అని కూడా అడుగుతున్నారు.

యంత్రవైద్యం · హైదరాబాద్

పల్స్ ఆక్సీమీటర్ చెప్పదు. అది రక్తంలో హిమోగ్లోబిన్ రంగు మారడాన్ని వెలుతురుతో చూస్తుంది, నీళ్లల్లో హిమోగ్లోబిన్ లేదు.

డీఓ మీటర్ మాత్రం ఆసుపత్రి నుంచి చెరువుకి వచ్చిందే. రక్తంలో ఆక్సిజన్ కొలవడానికి లీలండ్ క్లార్క్ ప్లాటినం, వెండి ఎలక్ట్రోడ్లని పొటాషియం క్లోరైడ్ ద్రవంలో పెట్టి పైన పలుచటి ప్లాస్టిక్ పొర కప్పారు, 1956లో ప్రచురించారు. పొర దాటి లోపలికి వచ్చిన ఆక్సిజన్ ఎంతో, పుట్టే కరెంటు అంత. పొర ఉన్న మీటర్ల సూత్రం ఇప్పటికీ అదే.

దీనివల్ల వచ్చే జాగ్రత్తలు మూడు. ఒకటి, ఆ ఎలక్ట్రోడ్ ఆక్సిజన్‌ని తింటూ కొలుస్తుంది. నిలబెట్టి ఉంచితే పొర ముందున్న నీళ్లల్లో ఆక్సిజన్ అయిపోయి తక్కువ చూపిస్తుంది, కాబట్టి నీళ్లల్లో మెల్లగా ఊపుతూ ఉండాలి, సెకనుకి అడుగు చొప్పున. రెండు, పొర మార్చేటప్పుడు లోపల ఆవగింజంత గాలి బుడగ మిగిలినా రీడింగ్ నిలవదు. ద్రవం అంచు దాకా పోసి, వెలుతురుకి పట్టి చూసి బిగించండి. ముడత ఉన్నా అంతే. మూడు, అడుగు బురదలో గుచ్చకండి, కుళ్లు వాసన వాయువు పొర దాటి వెళ్లి వెండిని నల్లబరుస్తుంది.

కాలిబ్రేషన్ (మీటర్‌ని సరిచూసి సరిచెయ్యడం) తడి స్పాంజ్ ఉన్న కప్పులో, పొర మీద నీటి బొట్టు లేకుండా, పది నిమిషాలు ఆగాక. 30 డిగ్రీలకి మంచినీటి లెక్కలో 7.5 చూపించాలి.

ఉప్పునీటి_రైతు · నెల్లూరు

ఉప్పు సెట్టింగ్ కూడా రాయండి. 20 పీపీటీ (వెయ్యికి 20 వంతుల ఉప్పు) నీళ్లల్లో 30 డిగ్రీలకి నిండా కరిగితే 6.7 మాత్రమే. మీటర్‌లో ఉప్పు సున్నా అని వదిలేస్తే అదే నీళ్లకి 7.5 చూపిస్తుంది. 3.6 ఉన్నచోట 4 అని చూపిస్తే ఏరియేటర్ వెయ్యాల్సిన టైమ్ దాటిపోతుంది.

చెరువు_లెక్క · భీమవరం

కొల్లేటిగాలి గారి మొదటి ప్రశ్న కరెంటు ఖర్చు కాబట్టి అది ముగిస్తాను. ఆదా అయ్యేది ఏరియేటర్ ఎప్పుడు వెయ్యాలో తెలియడంలోనే. డీఓ 7 ఉన్న సాయంత్రం వేస్తే నీళ్లల్లోకి ఎక్కేది దాదాపు ఏమీ ఉండదు, 7.7 దగ్గరే నిండిపోతుంది కదా. డీఓ 4 ఉంటే గంటకి 800 గ్రాములు, 3 ఉంటే 1 కిలో. అలాగని 2 దాకా ఆగితే ఒక్క మెషిన్ వెనక్కి లాగలేదు.

సాయంత్రం 6 గంటలకి ఒక రీడింగ్, రాత్రి 9కి ఒక రీడింగ్ తీసుకోండి, ఏరియేటర్‌కి దూరంగా, తూము వైపు, చెరువు నేలకి ఓ అడుగు పైన. ఆ మూడు గంటల్లో ఎంత పడిందో చూసి, అదే వేగంతో తెల్లవారుజామున 5 దాకా గీత గీయండి. 6కి 8, 9కి 7 అయితే గంటకి మూడో వంతు పడుతోంది, 5కి 4.3 వస్తుంది. మీ శీలావతికి ఆ రాత్రి మెషిన్ అక్కర్లేదు. 6కి 6, 9కి 5 అయితే 5కి 2.3. 12 దాటకముందే వెయ్యాలి, ఆ గీత 4ని దాటే టైమ్ అదే. నీళ్లు ముదురు ఆకుపచ్చ ఉంటే, మబ్బు పడితే, రెండు మూడు రోజులు వరసగా మేత పెంచి ఉంటే గీతని నమ్మకుండా గంట ముందు వెయ్యండి.

ఆటోమేటిక్ కంట్రోలర్ పెట్టుకునేవాళ్లు 4కి ఆన్, 5.5కి ఆఫ్ పెట్టి, కనీసం 20 నిమిషాలు నడిచేలా టైమర్ కలపండి, లేకపోతే స్టార్టర్ టకటకా కొట్టుకుని కాంటాక్టులు కాలిపోతాయి. సెన్సార్ మీద పాచి వారంలోనే పడుతుంది, మెత్తని బ్రష్‌తో తుడవాలి. సెన్సార్ వైరు తెగినా, రీడింగ్ రాకపోయినా మెషిన్ ఆగిపోకుండా ఆన్ అయ్యేలా వైరింగ్ చెయ్యమని ముందే చెప్పండి. ఆఫ్ అయ్యేలా చేసి ఇచ్చిన బాక్సులు మార్కెట్లో ఉన్నాయి.

కొల్లేటిగాలి · కైకలూరు

చాలా ధన్యవాదాలండి అందరికీ. వైండింగ్ షాప్ గారూ, ఒక ఫ్లోట్ కాస్త వంగినట్టే ఉంది. విప్పకుండా నీళ్లు దిగాయో లేదో తెలుసుకునే దారి ఉందా?

వైండింగ్_షాప్ · ఆకివీడు

మెయిన్ ఆఫ్ చేసి, ఫ్యూజులు తీసి చేతిలో పెట్టుకున్నాకే నీళ్లల్లోకి దిగండి. రెండు ఫ్లోట్లనీ వేళ్లతో తట్టి చూడండి. ఖాళీది డొల్లగా మోగుతుంది, నీళ్లున్నది బండగా వినపడుతుంది. నీళ్లుంటే బిరడా విప్పి వంచేసి, ఎండలో ఆరబెట్టి, పగులు ఎక్కడుందో సబ్బు నీళ్లు పూసి చూడండి. సామాన్యంగా బోల్టు రంధ్రం దగ్గరే ఉంటుంది. వాచరు లేకుండా బిగించినచోట ప్లాస్టిక్ చీలుతుంది. పెద్ద వాచరు వేసి బిగిస్తే మళ్లీ రాదు.